నీట్‌నెస్‌కి రెండు మార్కులు

నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ నెల టీచర్ పేజీ రాయడం నా వంతు. పరీక్షల గురించో, సెల్‌ఫోన్ల గురించో రాస్తానని మీరు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక గిటార్ ఆంప్లిఫయర్ గురించి రాస్తున్నాను. దానికీ మీ పిల్లల ప్రాజెక్టు మార్కులకూ సంబంధం ఉంది. కాస్త ఓపిక పట్టండి.

సెప్టెంబరు పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి బాబు వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. గొంతు పెంచలేదు. "మేడమ్, మావాడు చేసిన అలారం మోగింది కదా. మరి పదికి ఆరే ఎందుకు వచ్చాయి?" అని అడిగారు. నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారం అది. నిజంగానే మోగింది, క్లాసంతా చప్పట్లు కొట్టింది. కానీ పాత చెప్పుల డబ్బాలో తీగలన్నీ పిచ్చుక గూడులా ఉన్నాయి, పైన బ్రౌన్ టేపు. పనితనానికి ఐదుకి నాలుగు, నీట్‌నెస్‌కి ఐదుకి రెండు వేశాను. "చూడటానికి కూడా బాగుండాలి కదా సార్" అన్నాను. ఆయన తల ఊపి లేచి వెళ్లిపోయారు. ఒప్పుకున్నారో, వాదించడం ఇష్టం లేక లేచారో నాకు తెలియలేదు.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ మీద నా సొంత ప్రాజెక్టు నా కోసం ఎదురుచూస్తోంది. దానికి ఎవరైనా మార్కులు వేస్తే నీట్‌నెస్‌కి ఐదుకి ఐదు వచ్చి తీరతాయని అప్పట్లో నా నమ్మకం.

మా తమ్ముడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు. వాడికి వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్ కావాలని ఎప్పటి నుంచో కోరిక. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు గొట్టాలు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. వాటినే వాల్వులంటారు, ట్యూబులని కూడా అంటారు. లోపల కాథోడ్ వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది, ఎదురుగా ఉన్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. మధ్యలో ఉండే జాలీని గ్రిడ్ అంటారు. దాని మీద చిన్న వోల్టేజి మారితే ప్లేటు దగ్గర పెద్ద మార్పు వస్తుంది. అంతే సూత్రం. రేడియోలను ట్రాన్సిస్టర్ ఎప్పుడో ఆక్రమించేసినా గిటార్ వాళ్లు మాత్రం వాల్వుని వదల్లేదు. వాల్యూమ్ పెంచి వాల్వుని దాని హద్దు దాటిస్తే శబ్దం మెల్లగా, తియ్యగా చెడుతుందని వాళ్ల మాట. చెడిపోవడంలో తీపి ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. తమ్ముడు వినిపించాక కొంచెం అర్థమైంది.

మంచిది కొనాలంటే మా ఇంట్లో వాళ్ల జీతాలకు అందదు. మనమే చేసుకుంటే పోలేదా అన్నాను. అనడం నా తప్పే.

ఇలాంటి వాటిలో అన్నిటికంటే సులువైంది అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో అమ్మిన 'చాంప్' అనే చిన్న ఆంప్లిఫయర్. దాని సర్క్యూట్‌ని 5ఎఫ్1 అంటారు. మూడే మూడు వాల్వులు: ఒక 12ఏఎక్స్7, ఒక 6వి6, కరెంటుని డీసీగా మార్చడానికి ఒక 5వై3. ఒక వాల్యూమ్ నాబ్. ఒక స్పీకరు. ఐదు వాట్లు. ఐదేనా అని నవ్వకండి. మా ఫ్లాటులో పూర్తిగా పెడితే కింది ఇంటి ఆంటీ పైకి వస్తారు. చిన్న సామాన్లు కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. వాల్వులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం చెప్పి చుట్టించుకున్నాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది పిల్లలు చేసే ప్రాజెక్టు కాదు. లోపల 350 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా కెపాసిటర్లలో ఆ వోల్టేజి నిలిచి ఉంటుంది. ఫ్యాను స్విచ్చు ఆపి రెక్క తుడిచినంత తేలిగ్గా దీంట్లో చెయ్యి పెట్టకూడదు. నేను 220 కిలో ఓముల రెసిస్టరు ఒకటి అదనంగా వేశాను, ఆపగానే నిల్వ ఉన్న కరెంటు దాని గుండా దిగిపోతుంది. దిగిందో లేదో ప్రతిసారీ మీటరుతో చూసుకున్నాకే ముట్టుకున్నాను. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఎర్తు తీగను ఇనుప పెట్టెకు, అంటే చాసిస్‌కి, గట్టిగా బిగించాను. ఈ రెండింటి దగ్గర అందం, సౌకర్యం, ఖర్చు అనే లెక్కలేవీ ఉండవు.

మిగతా అన్నిచోట్లా ఉంటాయి. నేను దెబ్బ తిన్నది అక్కడే.

చెయ్యడానికి ముందు ఎన్నో ఆంప్లిఫయర్ల లోపలి ఫొటోలు చూశాను. ఇంగ్లండులో తయారైన హైవాట్ ఆంప్లిఫయర్ల దగ్గర నా కన్ను ఆగిపోయింది. 1970ల మొదట్లో హ్యారీ జాయిస్ అనే ఆయన వాటికి వైరింగ్ చేసేవాడు. ఒక్క తీగ వంకర ఉండదు. అన్నీ గోడల వెంట వెళ్లి స్కేలు పెట్టి గీసినట్టు తొంభై డిగ్రీలకు తిరుగుతాయి, కట్టలు కట్టి ఉంటాయి. సైనిక పరికరాల్లో చేసే పద్ధతి అది. పీట్ టౌన్‌షెండ్ లాంటి వాళ్లు ఆ ఆంప్లిఫయర్లని స్టేజీల మీద ఏళ్ల తరబడి వాడారు. దాని పక్కన పాత ఫెండర్ లోపలి భాగం చూస్తే నాకు ఆ బాబు చెప్పుల డబ్బానే గుర్తొచ్చింది. ఒక ఫైబర్ పలక, దానికి రంధ్రాలు, ఆ రంధ్రాల నుంచి వాల్వుల సాకెట్లకు ఎటు దగ్గరైతే అటు పోయే గుడ్డ తొడుగు తీగలు. సర్క్యూట్ ఫెండర్‌ది తీసుకుని, వైరింగ్ హైవాట్‌లా చేద్దామని నిర్ణయించుకున్నాను.

మూడు వారాలు, రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు. పేపర్లు దిద్దడం అయిపోయాక. ప్రతి తీగనూ స్కేలుతో కొలిచి, మిల్లీమీటరు ఎక్కువ తక్కువ లేకుండా కత్తిరించాను. మూలల్లో పెన్సిల్‌కి చుట్టి వంచాను. మైనం దారంతో అరంగుళానికో ముడి వేసి కట్టలు కట్టాను, పూలు కట్టినట్టు. కాంపొనెంట్ల కాళ్లు ట్యాగులకు మూడేసి చుట్లు తిప్పి, పైన టంకం వేశాను. రెసిస్టర్ల మీద రంగు గీతలన్నీ ఒకే వైపు చదివేలా తిప్పి పెట్టాను. అమ్మ వచ్చి చూసి "ముగ్గులా ఉందే" అంది. ఫొటో తీసి స్టాఫ్ రూమ్ గ్రూపులో పెట్టాను. పద్దెనిమిది చప్పట్లు వచ్చాయి.

తమ్ముడి చేత స్విచ్చు వేయించాను. ఆంప్లిఫయర్ ఒక్క క్షణం మౌనంగా ఉంది. వాల్వులు వెచ్చబడ్డాయి. ఆ తరవాత కుక్క తోక మీద కాలు పడితే వచ్చే అరుపు లాంటిది మొదలై ఆగలేదు. వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆగలేదు. గిటార్ తీగ పీకేసినా ఆగలేదు. స్విచ్చు ఆపేశాను.

తమ్ముడు ఏమీ అనలేదు. "పర్లేదులే అక్కా" అని గిటార్ సంచీలో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మా పెదనాన్నకి తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది. పదిహేనేళ్ల వయసులో ఒక మేస్త్రీ దగ్గర చేరి పని నేర్చుకున్నారు. వాల్వు రేడియోలు, తరవాత ట్రాన్సిస్టర్లు, టేప్‌రికార్డర్లు, టీవీలు, అన్నీ చేశారు. సెల్‌ఫోన్ల దగ్గర ఆగి షట్టర్ దించేశారు. ఆయనకి ఫొటో పంపాను. "చాలా అందంగా ఉంది తల్లీ. తీసుకురా" అని జవాబు వచ్చింది. మొదటి వాక్యం చూసి పొంగిపోయాను. రెండో వాక్యంలో ఏముందో తెనాలి వెళ్లాకే తెలిసింది.

దసరా సెలవులు ఇవ్వగానే ఆంప్లిఫయర్‌ని దుప్పట్లో చుట్టి, వాల్వులు తీసి దూదిలో పెట్టి, రైలెక్కాను. రైల్లో పక్కనావిడ "కుక్కరా అమ్మా?" అని అడిగింది.

పెదనాన్న వరండాలో పాత బల్ల మీద దాన్ని బోర్లించారు. కళ్లజోడు మార్చుకున్నారు. టార్చి వేసి ఐదు నిమిషాలు చూశారు, ఏమీ ముట్టుకోలేదు. అప్పుడు అడిగారు.

"ఇది ఎవరు చూడాలని చేశావమ్మా?"

"తమ్ముడి కోసం చేశాను పెదనాన్నా."

"వాడు వెనకాల మూత తీస్తాడా?"

"తియ్యడు."

"మరి? మూత తీసేవాడు నాలాంటోడు. నాకు ఏం కావాలో అడిగావా?"

లోపలి నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. అందులో బెంగళూరు బీఈఎల్ వాళ్ల పాత వాల్వులు, ఎండిన వెదురు పుల్ల ఒకటి, పట్టకారు. గోడ మీద ఇంకా సిరీస్ బోర్డు ఉంది. బల్బుకి వరసలో మన పరికరాన్ని పెట్టి ముందు దాని గుండా కరెంటు ఇస్తారు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, పరికరం కాలిపోదు. మాది పర్వాలేదు, బల్బు ఒకసారి వెలిగి మందగించింది. ఆ తరవాత మామూలు ప్లగ్గుకి మార్చారు. అరుపు మొదలైంది. ఆయన వాల్యూమ్ అటూ ఇటూ తిప్పారు.

"దీన్ని తిప్పితే అరుపు మారడం లేదు, చూశావా? అంటే రోగం వాల్యూమ్ తరవాత ఉంది." స్విచ్చు ఆపేశారు.

ఈ సర్క్యూట్‌లో స్పీకరు దగ్గరి శబ్దంలో కొంచెం వెనక్కి తెచ్చి రెండో దశలో కలుపుతారు. అది వ్యతిరేక దిశలో కలిస్తే శబ్దం శుభ్రపడుతుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగలు తారుమారైతే అదే దిశలో కలిసి, మైకు స్పీకరు ముందు పెట్టినట్టు అరుస్తుంది. చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏ కొస ఏదో ముందే తెలియదు, కనెక్షన్ ఇచ్చి చూడాల్సిందే. అరిస్తే స్పీకరు వైపు రెండు తీగల్ని మార్చుకోవాలి. రెండు నిమిషాల పని.

నాకు రెండు నిమిషాల్లో అవలేదు. నల్ల తీగని దగ్గరలోని ఎర్తు ట్యాగుకి సరిగ్గా రెండంగుళాలకు కత్తిరించేశాను. ఆకుపచ్చ తీగ కట్టలో కలిసి స్పీకరు జాక్ దాకా వెళ్లింది. ఇప్పుడు మారిస్తే నల్ల తీగ జాక్‌కి అందదు. పెదనాన్న నా ముఖం చూడకుండా, "పనిచేసిందని తేలేదాకా ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లు కొయ్యకూడదమ్మా. తేలాక కూడా ఒక చుట్టు వదలాలి. రేపు కాలితే ఇంకోసారి కొరకడానికి ఉండాలిగా" అన్నారు. నల్ల తీగకి వేరే ముక్క అతికి, స్లీవ్ తొడిగాం. నా ముగ్గులో మొదటి గంటు.

మళ్లీ స్విచ్చు వేశాం. నిశ్శబ్దం. సన్నటి గుర్రు తప్ప ఏమీ లేదు. తమ్ముడి గిటార్ లేదు కాబట్టి పెదనాన్న ఇన్‌పుట్ జాక్‌లో స్క్రూడ్రైవర్ పెట్టి గీకారు. స్పీకర్లో గర్రుమంది. నేను ఎగిరి గంతేశాను. ఆయన వాల్యూమ్ పెంచుతూ పోయారు. సగం దాటగానే కీచుమని ఇంకో అరుపు.

"ఇప్పుడు తిప్పితే మారుతోంది. ఇది రెండో రోగం."

మూత తీసి ఉన్నప్పుడు కరెంటు ఇచ్చి పనిచేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని పుస్తకాల్లో ఉంటుంది, రెండు చేతుల మధ్య గుండె గుండా కరెంటు పోకుండా. పెదనాన్న లుంగీకి జేబు లేదు. ఎడమ చెయ్యి వెనక నడుం మీద పెట్టుకుని, కుడి చేత్తో వెదురు పుల్ల పట్టుకుని, నా కట్టల్ని ఒక్కొక్కటే మెల్లగా నొక్కారు. ఒక కట్ట దగ్గర కీచు స్థాయి మారింది. మళ్లీ నొక్కారు, మళ్లీ మారింది. "దొరికాడు" అన్నారు.

ఆ కట్టలో వాల్యూమ్ నాబ్ నుంచి 12ఏఎక్స్7 గ్రిడ్‌కి వెళ్లే తీగ ఉంది. అది అతి సున్నితమైన తీగ, పక్కన ఏమున్నా పీల్చుకుంటుంది. దానికి ఆనుకుని అరచేతి పొడవునా నేను కట్టిన ఇంకో తీగ 6వి6 ప్లేటుది. ఆ రెండింటి మధ్య పెద్ద పెంపు జరుగుతుంది. బయటికి వెళ్లే గట్టి శబ్దం, లోపలికి వచ్చే చిన్న శబ్దం భుజం భుజం రాసుకుంటూ నడుస్తుంటే లోపలిది బయటిదాన్ని వినదా? నిజానికి ఆ గ్రిడ్ సాకెట్ నాబ్‌కి నాలుగంగుళాల దూరంలో ఉంది. అందం కోసం గోడ వెంట తిప్పి, దాన్ని పదకొండు అంగుళాలు చేశాను.

ఆపాం. మీటరు పెట్టి చూశాం. పెదనాన్న కత్తెర నా చేతికిచ్చారు. "నువ్వే కొయ్యి."

పద్నాలుగు ముడులు. ఒక్కోటీ ఎప్పుడు వేశానో గుర్తుంది. కోసి, ఆ తీగను నాబ్ నుంచి సాకెట్‌కి బోర్డు మీదుగా ఐమూలగా వేశాను. చూడటానికి గీసిన బొమ్మ మీద ఎవరో అడ్డంగా గీత పెట్టినట్టుంది. కరెంటు ఇచ్చి వాల్యూమ్ చివరిదాకా తిప్పాం. కీచు లేదు.

హైవాట్ పద్ధతి తప్పని నేను అనడం లేదు. ఏ తీగ ఏ తీగతో కలిసి నడవొచ్చో, ఏది నడవకూడదో తెలిసినవాడు కట్టిన కట్టలవి. నేను కట్టని చూశాను, తెలివిని చూడలేదు. రికార్డు బుక్కులో పక్కవాడి గ్రాఫు దించిన పిల్లల్ని రోజూ పట్టుకునే నేను అదే పని చేశాను.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్న మిగతాదంతా పరీక్షించారు. అన్నీ తప్పులే పట్టారనుకోకండి. వాల్వుల హీటర్లకి వెళ్లే తీగల జత దగ్గర ఆగి, "ఇది ముట్టుకోకు. బాగా చేశావు" అన్నారు. హీటర్లకి 6.3 వోల్టుల ఏసీ వెళ్తుంది, సెకనుకి యాభై ఆవర్తనాలు, అంటే వందసార్లు దిశ మారుతుంది. ఆ రెండు తీగల్నీ జడలా గట్టిగా మెలేస్తే ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాన్ని కొట్టేస్తుంది, స్పీకర్లో గుర్రు తగ్గుతుంది. అక్కడ అందమూ పనీ ఒక్కటే. వదులుగా, ఎగుడుదిగుడుగా మెలేసి ఉంటే చూడటానికీ బాగోదు, వినడానికీ బాగోదు. ఆ సన్నటి గుర్రును కూడా ఆయన చెవితోనే కొలిచారు. యాభై అయితే హీటరుదో ఎర్తుదో, వంద అయితే ఫిల్టరు కెపాసిటర్లదట. ఏసీని డీసీ చేసేటప్పుడు రెండు సగాలూ వాడతాం కాబట్టి అల వందవుతుంది. ఇది నేను క్లాసులో బోర్డు మీద చెప్పే పాఠమే. చెవితో వినడం మాత్రం ఆ రోజే మొదటిసారి.

కానీ 6వి6 కాథోడ్ దగ్గర 470 ఓముల రెసిస్టరుని, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుని కవలల్లా ఆనించి పెట్టానే, అది ఆయనకి నచ్చలేదు. ఆ రెసిస్టరు బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి పక్కనున్న కెపాసిటరు లోపల ఎండిపోతుంది. "పొయ్యి పక్కన పాలగిన్నె పెట్టినట్టుంది" అని రెసిస్టరుని బోర్డు నుంచి పైకి లేపి, కెపాసిటరుని పక్కకి జరిపించారు. వరస చెడింది.

ట్యాగులకు మూడు చుట్లు వేసిన కాళ్ల గురించి మేమిద్దరం కాసేపు వాదించుకున్నాం. గట్టిగా ఉంటుందని నేను. రేపు కెపాసిటరు మార్చాలంటే ట్యాగు విరుగుతుందని ఆయన. ఒక కొక్కెంలా వంచి, వేడి సరిగ్గా అందేలా టంకం వేస్తే చాలట. డ్రై సోల్డర్ కాకపోతే అది ఊడదు. తేల్చుకోవడానికి ఒక ట్యాగు దగ్గర నన్నే విప్పమన్నారు. ఐరన్ పెట్టి, పట్టకారుతో చుట్టు విప్పుతూ పదిహేను నిమిషాలు కుస్తీ పట్టాను. ట్యాగు ఊగిసలాడింది. వాదన అయిపోయింది. అయినా అన్నీ విప్పలేదు. "పాడైనప్పుడు చూద్దాంలే, ఇప్పుడు విప్పితే అనవసరంగా వేడి తగులుతుంది" అన్నారు. తప్పని తెలిసినా పనిచేస్తున్నదాన్ని కదపకపోవడం నాకు కొత్త. నేనైతే రాత్రంతా కూర్చుని అన్నీ విప్పి మళ్లీ చేసేదాన్ని.

తిరుగు రైల్లో ఆ పాత ఫెండర్ ఫొటో ఫోన్లో మళ్లీ తీసి చూశాను. లియో ఫెండర్ చదివింది అకౌంట్స్. గిటార్ వాయించడం రాదు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టాడు. ఆంప్లిఫయర్లు, గిటార్లు ఆ తరవాతి సంగతి. మా పెదనాన్న లాంటి మనిషన్నమాట. పలక తెరవగానే ప్రతి కాంపొనెంటూ పైకి కనపడేలా, ఐరన్ కొన అందేలా ఉండటం చిందరవందర కాదు. రేపు దాని ముందు ఇంకో మెకానిక్కు కూర్చుంటాడని తెలిసిన మనిషి పని అది. సర్క్యూట్ బొమ్మతో పాటు ఏ భాగం ఎక్కడుందో చూపే లేఅవుట్ బొమ్మ కూడా వాళ్లు గీసి పెట్టారు. నేను చూసి చేసింది ఆ బొమ్మనే. అయినా అందులో ఐమూలగా వేసిన తీగని నేను గోడ వెంట తిప్పాను.

సెలవులయ్యాక ల్యాబ్‌లో ప్రాజెక్టుల అలమర తెరిచాను. ఆ బాబు అలారం బయటికి తీసి గ్లాసు నీళ్లలో పెట్టాను. మోగలేదు. బాబుని పిలిచాను. తీగలన్నీ ఎర్రవే. ఏది ఎటు పోతోందో చేసినవాడికే తెలియడం లేదు. ఊడిన తీగని పట్టుకోవడానికి వాడికి లంచ్ బ్రేక్ మొత్తం పట్టింది. కాబట్టి తండ్రిగారూ, మార్కులు తగ్గించడం పూర్తిగా తప్పు కాదు. కానీ నేను చెప్పిన కారణం తప్పు.

ఆ పక్కనే పదికి తొమ్మిదిన్నర వేసిన ఇంకో ప్రాజెక్టు ఉంది. థర్మోకోల్ ఇళ్లు, వీధి దీపాలు, బంగారు రంగు అక్షరాలు. అదీ వెలగలేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుందని చూస్తే, బ్యాటరీ అర మీద అందంగా చార్ట్ పేపర్ అతికించి ఉంది. చింపితే తప్ప మార్చలేం. చింపలేక అలాగే పెట్టేశాను. నా చేతి ముడులు నాకే గుర్తొచ్చాయి.

ఆ టర్మ్ మార్కులు ఆన్‌లైన్‌లో లాక్ అయిపోయాయి, మార్చలేను. ఆ నాన్నగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన నవ్వి, "అయితే మార్కులు అవే ఉంటాయంటారు" అన్నారు. అవునన్నాను. రెండో టర్మ్ ప్రాజెక్టులకి మాత్రం కోఆర్డినేటర్ మేడమ్‌ని అడిగి, మా ఎనిమిదో తరగతి సెక్షన్ వరకు నీట్‌నెస్ ఐదు మార్కుల్ని విడగొట్టాం. చూపుకి రెండు. మిగతా మూడు ఇలా: చేసిన పిల్లలు పక్కన నిలబడతారు, నేను ఒక తీగ ఊడదీస్తాను, వేరే గ్రూపు పిల్లలు పెట్టె తెరిచి, లోపల అతికించిన కాగితం చూసి, ఐదు నిమిషాల్లో మళ్లీ పనిచేయించాలి. మీరు బయట షాపులో చేయించి పంపితే ఆ మూడూ రావడం కష్టం. పాత వైర్లయినా సరే, రెండు మూడు రంగులవి ఇచ్చి పిల్లల్నే చెయ్యనివ్వండి. జిగురుకి బదులు రెండు స్క్రూలు ఇవ్వండి. బ్యాటరీలతో నడిచేవే చేయించండి. ఇంటి కరెంటు వద్దు.

ఆంప్లిఫయర్ ఇప్పుడు తమ్ముడి గదిలో ఉంది. సన్నటి గుర్రు ఇంకా ఉంది. గిటార్ మొదలుపెడితే వినపడదు. ఆదివారం సాయంత్రాలు వాల్యూమ్ ఏడు దాకా పెడతాడు, కింది ఆంటీకి ముందే చెప్పి. వెనక మూతకి మొదట ఎనిమిది స్క్రూలు పెట్టాను, ఇప్పుడు నాలుగే. ఆ మూత లోపలి వైపు పెదనాన్న తన చేతిరాతతో కాగితం అతికించారు. ఏ రంగు తీగ ఏది, ఏ బిందువు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలి, ఏ తేదీన ఏం మార్చాం, అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే పైన ఎర్ర ఇంకుతో, కింద రెండు గీతలు గీసి, "వాల్యూమ్ తీగను కట్టవద్దు" అని రాశారు.